బండి నెత్తిన నాలుగు దీపాలు

ఆ ఒక్క మాట మిల్లు యజమాని సేఠ్ నోట రాకపోయి ఉంటే దానయ్య మోటారు బండి జోలికి పోయేవాడే కాదు. రాయపూర్ స్టేషన్లో ఇరవై రెండేళ్లుగా సిగ్నలు దీపాలు చూసుకునే మనిషి అతను. మసి తుడవడం, ఒత్తి కత్తిరించడం, నూనె పోయడం, నిచ్చెనెక్కి దీపాన్ని స్తంభం మీద పెట్టి దిగడం, అదే అతని లోకం. పట్టాల మీద పోనిది బండే కాదని గట్టి నమ్మకం. అల్లుడు సూరిబాబు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే, "ఆఁ, బియ్యం మిల్లులో ఏదో తోల్తాడు" అని ముఖం పక్కకు తిప్పుకునేవాడు.

సేఠ్ అన్న మాట "రతౌంధీ". అంటే రేచీకటి. ఆ మాట డ్రైవరు మీద పడిందంటే ఇక అతను స్టీరింగు ముట్టుకోవడం కల్ల. రాయపూర్లో మిల్లులన్నీ ఒకదానికొకటి చుట్టాలే. పొద్దున ఒక మిల్లులో పుట్టిన మాట సాయంత్రానికి అన్ని మిల్లుల్లోనూ టీ తాగుతుంది.

మూడు రోజుల కిందట తెల్లవారకముందు మంచులో ధర్సీవా రోడ్డు మీద సూరిబాబు పికప్పు ముందు పోతున్న ఎద్దుల బండిని వెనకనుంచి గుద్దింది. ఒక ఎద్దు అక్కడే పోయింది. బండి తోలుతున్న బిసాహూకి కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. బండికి లాంతరు లేదని పోలీసులు రాసుకున్నారు. మిల్లువాళ్లు అదే చెప్పారు, సూరిబాబు కూడా అదే చెప్పాడు. ఉందని చెప్పినవాడు బిసాహూ ఒక్కడే. మంచం మీద కాలు కట్టుకుని పడుకున్నవాడి మాట ఎవరికి కావాలి? తప్పంతా అతని నెత్తినే పడింది.

అక్కడితో పోలీసుల గొడవ తీరింది గానీ సేఠ్ అనుమానం తీరలేదు. "దీపం లేకపోతే మాత్రం? అంత పెద్ద బండి, రెండెద్దులు. పైన పడేదాకా కనపడలేదా?" అని హిందీలో నలుగురి ముందూ అడిగేశాడు. ఇంకో పదిహేను రోజుల్లో కొత్త ధాన్యం దిగుతుంది. తెల్లవారుజామున నాలుగింటికే బండ్లు కదలాలి. "ఇస్కో రతౌంధీ హై. గుడ్డివాడి చేతిలో గాడీ పెట్టను."

సూరిబాబు తల వంచుకుని నిలబడ్డాడు. అల్లుడి కోసం సేఠ్‌ను బతిమాలుకుందామని వచ్చిన దానయ్యకు బతిమాలే ఆలోచన కాస్తా ఎగిరిపోయి ఒళ్లు మండింది. గబగబా వెళ్లి బండి ముందు చతికిలబడి హెడ్‌లైట్లు చూశాడు. లడాయి అయిపోయాక మిలిటరీవాళ్లు అమ్మేసిన బండి అది. లైట్ల లోపలి వెండి పూత రాలిపోయి, అద్దాలు పసుపు పూసినట్టున్నాయి. వేలితో గీకి ఆ వేలు సేఠ్‌కి చూపించాడు.

"సేఠ్‌జీ, యే బత్తీ హై క్యా? మా స్టేషన్లో ఇట్లాంటి దీపం పెట్టినవాడికి ఆ రోజే ఉద్యోగం పోతాది. ఆంఖ్ మే నహీ, బత్తీ మే గల్తీ హై. తప్పు కంటిది కాదు, దీపానిది."

"అయితే ఏం చేస్తావు?"

నిజానికి ఏం చేయాలో ఆ క్షణం దాకా దానయ్యకూ తెలియదు. తలెత్తి చూస్తే బండి క్యాబిన్ కప్పు కనిపించింది. దీపమన్నాక ఎత్తున ఉండాలి. అది తెలిసిన మనిషి కదా.

"నాలుగు దినాలు సెలవు పెడతాను. క్యాబిన్ మీద నాలుగు దీపాలు పెట్టి ఇస్తాను. అప్పుడు చూడండి మా అల్లుడి కళ్లు."

సేఠ్ నవ్వలేదు. ధాన్యం గోదాం ఖాళీగా ఉంది, తలుపులు మూసేస్తే పట్టపగలు కూడా కళ్లు పొడుచుకున్నా కానరాని చీకటి. ఆదివారం పొద్దున వస్తానన్నాడు. ఆ చీకట్లో అక్కడక్కడా మూటలు పెట్టిస్తే, సీట్లో కూర్చున్న సూరిబాబు అన్నీ చూసి చెప్పాలి. చెబితే బండి అతనిదే. లేకపోతే లేదు.

కొలతలు తీసుకుందామని దానయ్య పికప్పు వెనక ఎక్కాడు. గోనెసంచుల కింద సొట్టపోయిన లాంతరు ఒకటి కాలికి తగిలింది. గుద్దినచోట ఏరిన సామానులో వచ్చి ఉంటుంది. అలవాటు చొప్పున చేతిలోకి తీసుకుని మూత తిప్పి చూశాడు. ఒత్తి ఇత్తడి మూతి దాకా మాడిపోయి ఉంది. వెలగని లాంతరు పగిలితే ఒత్తి నూనెతో తడిసి మెత్తగా ఉంటుంది. నూనె ఒలికిపోయాక మంట ఒత్తినే తింటే తప్ప ఇలా మాడదు. అంటే ఆ వేళ బిసాహూ లాంతరు వెలుగుతూనే ఉంది. దానయ్య అటూ ఇటూ చూసి, దాన్ని తన సంచిలో పడేసుకున్నాడు. ఎందుకు దాచాడో అతనికే సరిగ్గా తెలియదు. మంచులో ఎంత దీపమైనా కనపడదులే అని దారి పొడుగునా తనకు తానే చెప్పుకున్నాడు.

మర్నాడు పొద్దున రైల్వే క్వార్టరు వరండాలో సుద్దముక్క పట్టుకుని బోర్లా పడుకున్నంత పని చేశాడు. క్యాబిన్ కప్పు వెడల్పు గీశాడు. దాని మీద అడ్డంగా ఒక గొట్టం, గొట్టం మీద నాలుగు గుండ్రాలు, రెండు చివర్లా రెండు కాళ్లు. కప్పుకి చిల్లులు పెడితే వాన కారుతుంది. కప్పు అంచున వాన నీళ్లు పోయే గాడి ఉంది, కాళ్లను దానికి కొక్కేలతో బిగించాలి. అదిరి అద్దాలు పగలకుండా కింద ట్యూబు రబ్బరు వేయాలి. చెరిపి, గీసి, మళ్లీ చెరిపి గీశాడు.

"కార్తీకమాసం పూటా ముగ్గు నాను ఎయ్యాలా, నువ్వు ఎయ్యాలా?" అంది భార్య వరహాలమ్మ చీపురుతో వచ్చి.

"తొక్కీకు. అల్లుడి బతుకు ఉందందులో."

"సుద్దముక్కలో ఉందా అల్లుడి బతుకు! బాగుంది సంబడం," అంటూనే ఆవిడ ముగ్గు ఆ పక్కగా జరిపి వేసుకుంది.

లోపల కూతురు చిన్నమ్మ మొగుడికి అన్నం పెట్టింది. మజ్జిగ పోసిన తెల్లటి మెతుకులు, ఉప్పుబద్ద. భాద్రపదంలో కామెర్లు వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ సూరిబాబుకి అదే తిండి. ఆకుకూర లేదు, చేప లేదు, నూనెచుక్క లేదు. పథ్యం విషయంలో వరహాలమ్మ స్టేషన్ మాస్టరు కన్నా గట్టిది. కామెర్లు తిరగబెడితే మనిషి దక్కడని ఆవిడ భయం. చిక్కి సగమైన మొగుణ్ణి చూసి చిన్నమ్మ దొంగచాటుగా గుడ్డు పెట్టబోతే తల్లి చూసి చెయ్యి మీద కొట్టింది.

గోల్ బజారు పాతసామాన్ల కొట్లో మిలిటరీ మోటారు సైకిళ్ల దీపాలు నాలుగు దొరికాయి. స్టేషన్ కమ్మరి దగ్గర పాత నీళ్ల గొట్టం ఒకటి సంపాదించాడు. వంచేటప్పుడు నొక్కుకుపోకుండా గొట్టం నిండా పొడి ఇసుక కూరి, రెండు చివర్లా చెక్కబిరడాలు కొట్టి, కొలిమిలో ఎర్రగా కాల్చి నెమ్మదిగా వంచారు. వైర్ల పని సూరిబాబుదే. గొట్టంలోంచి తీగ లాగి, సీటు దగ్గర స్విచ్చి పెట్టి, ఇంజను ఆగి ఉంటే బ్యాటరీ దిగిపోతుందని రెండేసి దీపాలకి వేరువేరుగా మీటలు పెట్టాడు. అతని చేతులు చకచకా పోతుంటే దానయ్యకు ముచ్చటేసింది. పెళ్లయిన నాలుగేళ్లలో అల్లుడి పని దగ్గర నుంచి చూడడం అదే మొదలు.

"నీకింత పని తెల్సునేటి?"

"మీరెప్పుడైనా అడిగితే గదా మావా."

శుక్రవారం మధ్యాహ్నానికి నాలుగు దీపాలూ బండి నెత్తిన నిలబడ్డాయి. గోదాంలోకి బండి ఎక్కించి తలుపులు మూశారు. దూరాన ఐదు మూటలు పెట్టి దానయ్య ఆ చివరి గోడ దాకా నడిచి వెనక్కి తిరిగాడు. "ఎయ్యి!" అన్నాడు. దీపాలు వెలిగాయి. ఒక్కొక్కటీ ఎటు తిప్పాలో అక్కడి నుంచే కేకలేసి చెప్పాడు. ఎడమది కాస్త పైకి. కుడిది లోపలికి. నాలుగూ సూటిగా తన కళ్లలో కొట్టేదాకా వదల్లేదు. ఇంజను డ్రైవరు మైలు దూరంలోంచి చూసినా ఇక తిరుగు లేదు. గర్వంగా కేకేశాడు.

"ఎలగుంది అల్లుడూ?"

"ఏటీ కనపడ్నేదు మావా. అంతా తెలుపే."

అయితే సేఠ్ అన్నదే నిజమా? దానయ్య తిట్టుకుంటూ వచ్చి, అల్లుణ్ణి దింపి, జన్మలో మొదటిసారి స్టీరింగు వెనక కూర్చున్నాడు. కూర్చున్నాక అతనికీ ఏమీ కనపడలేదు. పైనున్న వెలుతురు సగం బానెట్టు మీద పడి తెల్లగా ఎగసి కంట్లో పొడుస్తోంది, మిగతా సగం ఎత్తుగా పోయి కప్పు దూలాల్ని వెలిగిస్తోంది. నేల మీద మూటలెక్కడో ఏమో!

కాసేపటికి తల పట్టుకుని పకపకా నవ్వాడు. ఇరవై రెండేళ్లూ అతను పెట్టినవి ఎదుటివాడు చూడాల్సిన దీపాలు. ఎర్రదో పచ్చదో దూరం నుంచి తెలిస్తే చాలు. దాంతో ఇంకేదైనా చూడాలని ఏ సిగ్నలు దీపమూ పెట్టరు. అందుకే ఎప్పటిలా ఎదురుగా పోయి నిలబడి దిద్దాడు. ఇలాగే రోడ్డెక్కి ఉంటే ఎదురొచ్చినవాడు కళ్లు బైర్లు కమ్మి గోతిలో పడేవాడు.

"నీ తప్పు కాదురా సూరీ! నాదే. ముసలి సన్నాసిని, దీపానికి ముందెక్కడో ఎనకెక్కడో తెలీనోణ్ణి," అని అల్లుడి వీపు చరిచాడు. ఆ నవ్వులో ఎంత ఊరట ఉందో చెప్పలేం. సూరిబాబు కూడా నవ్వాడు గానీ పెదాలతోనే నవ్వాడు.

ఆ సాయంత్రమూ శనివారం పొద్దునా దానయ్య కూర్చోలేదు. రేకు కత్తిరించి ఒక్కో దీపానికి కింద దోసెడంత గొడుగు అతికాడు, వెలుతురు బానెట్టు మీద పడకుండా. దీపాల మూతులు నేలకి వంచాడు. బయటి రెండూ రోడ్డు అంచులకి, లోపలి రెండూ దూరానికి. అయినా బానెట్టు ఇంకా మెరుస్తోంది. లాంపు రూములో గీకిన మసి డబ్బాడు తెచ్చి, అవిసె నూనెలో కలిపి బానెట్టంతా నల్లగా పూశాడు. జన్మంతా మసి తుడిచినవాడు అంత ఇష్టంగా మసి పూస్తుంటే మిల్లు కూలీలు పని ఆపి చూశారు. ఈసారి మాత్రం ప్రతి మరనూ సీట్లో కూర్చుని చూసి, దిగి తిప్పి, మళ్లీ ఎక్కి చూశాడు.

శనివారం పదకొండు గంటలకు తలుపులు మూశారు. ఎండలోంచి వచ్చిన కళ్లు కదా, చీకటికి అలవాటు పడనీ అని దానయ్య అల్లుణ్ణి అరగంట ఊరికే కూర్చోబెట్టాడు. తర్వాత మీట నొక్కాడు. నేల వెడల్పునా పరుచుకుంది వెలుతురు. ఎడమ గోడ వారన రెండు మూటలు, నడుమ ఒకటి, కుడివైపు స్తంభం చాటున ఒకటి, దూరంగా గోడ మొదట్లో ఒకటి. ఐదూ అరచేతిలో ఉన్నట్టున్నాయి. "ఇప్పుడు నువ్వు," అని అల్లుడికి సీటిచ్చి పక్కన కూర్చున్నాడు.

సూరిబాబు ముందుకి వంగి చాలాసేపు చూశాడు. "ఎడంపక్క రెండు. నడిమిన ఒకటి."

"ఇంకా?"

"మూడే."

"సరిగ్గా సూడు."

"మూడే మావా."

దానయ్య దిగి వెళ్లి స్తంభం దగ్గరి మూటను రెండడుగులు ఇవతలికి లాగి, దాని పక్కనే నిలబడ్డాడు. "ఇప్పుడో?" సూరిబాబు అతని గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. చూపు మాత్రం అతన్ని దాటి గోడ మీదికి పోయింది. అక్కడితో దానయ్యకు అర్థమైపోయింది. మంచు కాదు, పాత లైట్లు కాదు, మెరిసిన బానెట్టు కాదు. దీపం ఎంత బాగా కుదిరిందో, అల్లుడి రేచీకటిని అంత బాగా బయటపెట్టింది.

వచ్చి ఫుట్‌బోర్డు మీద కూర్చుండిపోయాడు. "లాంతరు ఎలుగుతానే ఉందిరా," అన్నాడు. "ఒత్తి నాను సూసినాను."

"నాకు ఎలుగు కనపడ్నేదు మావా. ఒట్టు."

"కళ్లు ఎప్పట్నుంచి?"

"కామెర్లు తగ్గినాక. పగలు బాగానే ఉంటాది. పొద్దు వాలితే గోడలు దగ్గరకొచ్చేస్తాయి." సూరిబాబు గొంతు తగ్గించాడు. "చిన్నమ్మకి తెల్సు."

రేచీకటి తిండి లోపంతో వచ్చేదే, పోయేదే. ఒక గార్డుకి వస్తే రైల్వే ఆస్పత్రిలో చేపనూనె తాగించారని, రెండు నెలల్లో కుదిరిందని దానయ్య చెప్పాడు. ఆ రెండు నెలలూ సేఠ్‌తో చెప్పి పగటి పని అడుగుదామన్నాడు.

"రెండు నెల్లు బండి ఖాళీగా ఉంచుతారేటి? రేపే ఇంకొకడెక్కుతాడు. దిగమంటే వాడు దిగుతాడా?" సూరిబాబు మామ చెయ్యి పట్టుకున్నాడు. "ఐదు మూటలే గదా. తలుపులు తీసినాక ఎక్కడెక్కడున్నాయో సూసి పెట్టుకుంటాను. అయ్యే ఉంచండి. రేపు సేఠ్‌కి గడగడా సెప్పీస్తాను. రోడ్డు మీద జాగర్తగా పోతాను, మెల్లగా పోతాను. చేపనూనె కూడా తాగుతాను. మీరు మాటాడకండి, అంతే."

దానయ్య మూటల్ని ముట్టుకోకుండా వెళ్లి గోదాం తలుపు తీశాడు.

ఆదివారం పొద్దున చిన్నమ్మ తండ్రికి టీ గ్లాసు ఇచ్చి అక్కడే నిలబడింది. రాత్రంతా నిద్రలేని కళ్లు. "నాన్నా, నువ్వేటీ అబద్ధం సెప్పక్కర్నేదు. నోరిప్పకుండా ఉంటే సాలు. ఇంత కాలానికి నిన్నొకటి అడిగినాను," అంది. దానయ్య టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. ఇదే బిసాహూ కూతురైతే తండ్రిని ఏమడుగుతుందో అనే ఆలోచన ఒకటి వచ్చి కూర్చుంది. ఎంత తరిమినా పోలేదు.

సేఠ్ చెప్పిన వేళకే వచ్చాడు. పెట్టి ఉన్న మూటలే చాలన్నాడు. గోదాం తలుపులు మూశారు. సేఠ్ సూరిబాబు పక్కన కూర్చున్నాడు. దానయ్య కిందే నిలబడ్డాడు. ఇంజను మోగింది, దీపాలు వెలిగాయి, సేఠ్ నోట "అరె వాహ్" అని వచ్చింది.

"బోలో."

"ఎడమ వైపు దో, బీచ్ మే ఏక్," సూరిబాబు పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయాడు. "కుడిపక్క ఖంభా దగ్గర ఏక్. ఆఖర్లో గోడ దగ్గర ఏక్. పాంచ్."

సేఠ్ ఒక్కొక్కటీ చూసుకుని తల ఊపాడు. దానయ్య వైపు వంగి, నీ మాటే నిజం, తప్పు బత్తీదే అన్నాడు. మిగతా రెండు బండ్లకీ ఇలాంటివే చేసిపెట్టమన్నాడు. సూరిబాబు రేపటి నుంచి ఎప్పటిలాగే బండి ఎక్కవచ్చునన్నాడు. అంతా అయిపోయింది. ఇక తలుపు తీయడమే తరువాయి. ఇరవై రెండేళ్లలో ఎవరూ దానయ్య దీపాన్ని అంత మెచ్చుకోలేదు.

అతను బండి ముందుకు నడిచాడు. వెలుతురులో కొంతదూరం పోయి, నడిమి మూట దాటి, స్తంభం వైపు పక్కకు తిరిగాడు. మూటలేవీ లేని ఖాళీ జాగా చూసుకుని నిలబడ్డాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు, అడుగుల చప్పుడు కూడా వినపడకుండా ఇంకో నాలుగడుగులు జరిగాడు. సేఠ్‌కి అతను శుభ్రంగా కనపడుతూనే ఉన్నాడు.

"సూరీ," అని పిలిచి, పిలవగానే మళ్లీ జరిగాడు. "బండి ముందుకి తోలు. కుడిపక్క గోడ దాకా రా."

ఇంజను అలాగే మోగుతోంది. సూరిబాబు చెయ్యి గేరు కర్ర మీద పడింది. సేఠ్ ఏమీ అర్థం కాక ఒకసారి డ్రైవర్ని, ఒకసారి దారికి అడ్డంగా నిలబడ్డ ముసలాణ్ణి చూశాడు.

దానయ్య దీపాల వైపు ముఖం తిప్పి నిలబడ్డాడు. కదలలేదు. కదిలితే అల్లుడు బతికిపోతాడు, రేపు రోడ్డు మీద ఎవడో కదలలేనివాడు దొరుకుతాడు. సేఠ్ ముందు సంగతి బయటపెట్టొద్దని కూతురు అడిగిన మాట మాత్రం నిలబెట్టుకున్నాడు.

గేరు పడిన చప్పుడైంది. బండి ఒక్క జానెడు ముందుకి వచ్చి ఆగింది. ఇంజను ఆగిపోయింది. తలుపు తెరుచుకుంది. సూరిబాబు దిగి, బానెట్టు అంచు తడుముకుంటూ ముందుకొచ్చి, వెలుతురు మధ్యలో నిలబడ్డాడు.

"మావా, ఎక్కడున్నావు?"

ఆ మాట తెలుగులోనే అన్నా సేఠ్‌కి అర్థమైంది. సూరిబాబు వెనక్కి తిరిగి, క్యాబిన్ ఉన్నవైపు చూస్తూ, ఈసారి హిందీలో చెప్పాడు. మూటలు నిన్ననే బట్టీ పట్టానన్నాడు. బిసాహూ బండికి లాంతరు ఉందన్నాడు. అది వెలుగుతోందని, తనకే కనపడలేదని అన్నాడు. ఠాణాలో కూడా ఇదే చెబుతానన్నాడు.

సేఠ్ కిందికి దిగి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. తిట్టలేదు. కళ్లు బాగయ్యాక రమ్మని మాత్రం అన్నాడు. రమ్మన్నంత మాత్రాన బండి ఉంటుందో లేదో అతనూ చెప్పలేదు, వీళ్లూ అడగలేదు.

తలుపులు తీశాక ఎండ లోపలికి వచ్చింది. ఎండలో సూరిబాబు నడక మామూలుగానే ఉంది. దానయ్య చెప్పులు అక్కడే మర్చిపోతే అతనే వెళ్లి తెచ్చి మామ కాళ్ల ముందు పెట్టాడు. ఇద్దరూ మిల్లు గేటు దాటి స్టేషన్ వైపు నడిచారు. క్వార్టర్లు కనపడేసరికి దానయ్య అడుగులు నెమ్మదించాయి.

"చిన్నమ్మకి ఏటని సెప్పమంటావురా?" అన్నాడు చివరికి.

సూరిబాబు ఆగి, అతని కోసం నిలబడ్డాడు.

"మీరు వరండాలో కూకోండి మావా. నాను ఎల్లి సెప్తాను."